నెలల తరబడి సాగే చెస్‌లో నల్లపావులతో డ్రా చేయడం ఎలా

మా మందుల షాపు విశాఖ అక్కయ్యపాలెంలో. కౌంటర్ కింద సొరుగులో, బిల్లు పుస్తకాల పక్కన, ఒక చిన్న మాగ్నెట్ చెస్ బోర్డు ఉంటుంది. దాని మీదున్న ఆట ఈరోజు మొదలైంది కాదు, ఈరోజు అయిపోయేదీ కాదు. మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా గిరాకీ పల్చబడుతుంది. అప్పుడు సొరుగు లాగి చూస్తాను. ఒక్కోసారి వారం రోజులు అదే స్థితి. కరస్పాండెన్స్ చెస్ అంటే ఇదే. అవతలి మనిషి ఇంకో దేశంలో ఉంటాడు, ఎత్తుకీ ఎత్తుకీ మధ్య రోజులు గడుస్తాయి, ఒక ఆట ఏడాది దాటడం మామూలే.

మా మేనకోడలు ఇంటర్ చదువుతోంది. ఫోన్‌లో మూడేసి నిమిషాల ఆటలు ఆడుతుంది. "అత్తా, ఏడాది కూర్చుని ఆడి చివరికి డ్రా చేస్తే ఏం వచ్చింది?" అని అడిగింది. మాటల్లో చెప్పడం కుదరక, 2014లో మొదలుపెట్టి 2015లో ముగించిన ఒక ఆటని బోర్డు మీద పెట్టి మొదటి నుంచి చూపించాను. ఇక్కడ రాసేదీ అదే. మనకంటే గట్టివాళ్ల మీద నల్లపావులతో నిలబడి అర పాయింటు తెచ్చుకోవాలనుకునే వాళ్లకి పనికొస్తుంది. ఒక మాట ముందే చెప్తాను: ఇందులో డ్రా ఆఖర్లో అడిగి తీసుకునేది కాదు, ఓపెనింగ్ (ఆట మొదట్లో ఆడే ఎత్తుల వరస) ఎంచుకున్నప్పుడే దానికి పునాది పడుతుంది.

మా ఇంట్లో పేర్లు ఇవి: రాజు, మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం, బంటు. శకటుని కొందరు ఒంటె అంటారు, బిషప్ అన్నా అదే. గడులకి ఎ నుంచి హెచ్ దాకా అక్షరం, 1 నుంచి 8 దాకా అంకె. ఎత్తు నంబరు తర్వాత మొదటిది తెలుపు ఎత్తు, రెండోది నలుపుది; నంబరు పక్కన మూడు చుక్కలుంటే అది నలుపు ఎత్తు. పావు పేరు లేకుండా గడి మాత్రమే ఉంటే బంటు ఎత్తు.

ముందు రూల్స్ చదవండి

ఎక్కడ ఆడాలనేది మొదటి ప్రశ్న. లీచెస్‌లో కరస్పాండెన్స్ ఆటలు, చెస్ డాట్ కామ్‌లో డైలీ ఆటలు ఉన్నాయి. ఈ రెండు చోట్లా ఓపెనింగ్ పుస్తకాలు, పాత ఆటల డేటాబేస్ చూసుకోవచ్చు, కానీ ఎత్తు చెప్పమని చెస్ ఇంజిన్‌ని (ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని) అడగకూడదు. 1951లో పుట్టిన కరస్పాండెన్స్ చెస్ అంతర్జాతీయ సంస్థ ఐసీసీఎఫ్ పోటీల్లో మాత్రం ఇంజిన్ వాడొచ్చు, అందరూ వాడతారు. ఒకచోట ఒప్పు, ఇంకోచోట మోసం. ఆట మొదలుపెట్టే ముందు ఆ పోటీ రూల్స్ పేజీని పూర్తిగా చదవండి. ఇందులో బద్ధకించకండి.

నేను చెప్పే ఆట ఇంజిన్‌కి అనుమతి ఉన్న పోటీలోది. ఇద్దరి దగ్గరా కంప్యూటర్ ఉన్నప్పుడు ఇక మనిషి చేసేదేముంది అనుకోవద్దు. ఇంజిన్ ఒక అంకె చూపిస్తుంది. సున్నా అని చూపిస్తే సమానం అని అర్థం. ఆ సున్నాని ఇంకో ముప్పై ఎత్తుల పాటు సున్నాగా ఉంచే దారి ఏదో, ఏ పావు మారిస్తే అది కూలుతుందో మనమే తెలుసుకోవాలి.

సామాను ఎక్కువేం అక్కర్లేదు. చేత్తో పావులు జరిపే బోర్డు ఒకటి, గీతల నోట్‌బుక్ ఒకటి, గోడ క్యాలెండర్. బోర్డు తప్పనిసరి అంటాను. స్క్రీన్ మీద చూసేటప్పుడు కన్ను చివరి ఎత్తు చుట్టూనే తిరుగుతుంది. బోర్డుని అవతలి వైపు తిప్పి, అతని కుర్చీలోంచి చూస్తే వేరే ఆటలా కనిపిస్తుంది.

నాలుగు అంకెలు

ఈ ఆట నాకు మా నాన్న నేర్పారు. పోర్టులో గుమాస్తా. ఖరగ్‌పూర్‌లో ఉండే ఒకాయనతో పోస్టుకార్డుల మీద ఆడేవారు, పదిహేను పైసల కార్డుల రోజుల్లో. కార్డు మీద ఎత్తులు అక్షరాలతో కాకుండా అంకెలతో రాసేవాళ్లు. భాషలు వేరైనా అంకెలు ఒకటే కదా. ఎ వరసకి 1, బి వరసకి 2, అలా హెచ్‌కి 8. ముందు బయల్దేరిన గడి, తర్వాత చేరిన గడి. ఈ2లో బంటు ఈ4కి వెళ్తే 5254. జి1 గుర్రం ఎఫ్3కి వెళ్తే 7163. తెల్లరాజు చిన్న క్యాస్లింగ్ (రాజు రెండు గడులు జరిగితే, ఏనుగు దాటి అతని పక్కకి వచ్చే ఎత్తు) చేస్తే రాజు కదలికే రాయాలి: 5171.

నాకు పదేళ్లున్నప్పుడు ఒక కొత్త ఆటకి మొదటి కార్డు నన్ను రాయమన్నారు. 5254 రాయాల్సింది 5253 రాశాను. ఈ4 బదులు ఈ3. డబ్బాలో పడేసి వచ్చాక గుర్తొచ్చి ఏడుపు. రూల్ ప్రకారం రాసిన ఎత్తు ఆడదగినదైతే అదే ఖాయం, వెనక్కి తీసుకోవడం లేదు. నాన్న ఒక్క మాట అనలేదు. "ఏటమ్మా, ఈ3 కూడా ఎత్తే కదా" అని అక్కడినుంచే ఆడారు. ఆ ఆట డ్రా అయింది. ఆ కార్డుల కట్ట ఇప్పటికీ నా దగ్గరుంది.

ఇప్పుడు సర్వర్‌లో మౌస్‌తో పావు లాగితే సరిపోతుంది. అయినా నేను ఎత్తుని నోట్‌బుక్‌లో అంకెలతో రాసుకుని, బోర్డు మీద ఆడి, అవతలి జవాబు ఒకటి ఊహించి, అప్పుడే పంపిస్తాను. రాత్రి నిర్ణయించిన ఎత్తు పొద్దున్న పంపడం ఇంకా మంచిది. షాపు మూసి అలసిపోయి పంపిన ఎత్తులే నన్ను ఎక్కువ ఓడించాయి.

బెర్లిన్ ఎందుకు

తెల్లపావులు 1. ఈ4 ఆడితే నేను బెర్లిన్ డిఫెన్స్ అనే ఓపెనింగ్ ఆడతాను. ఎత్తులు ఇవి:

1. ఈ4 ఈ5 2. గుర్రం ఎఫ్3, గుర్రం సి6 3. శకటు బి5, గుర్రం ఎఫ్6 4. క్యాస్లింగ్, గుర్రం ఈ4లో బంటుని తింటుంది 5. డి4, గుర్రం డి6 6. శకటు సి6లో గుర్రాన్ని తింటుంది, డి బంటు తిరిగి తింటుంది 7. డి బంటు ఈ5ని తింటుంది, గుర్రం ఎఫ్5 8. మంత్రి డి8లో మంత్రిని తిని చెక్, రాజు తిరిగి తింటాడు.

ఎనిమిది ఎత్తులకే మంత్రులు లేరు, నల్లరాజు క్యాస్లింగ్ హక్కు పోయి నడిబోర్డులో నిలబడ్డాడు. చూడగానే భయమేస్తుంది. మా మేనకోడలు కూడా "ఇది ఓడిపోయిన స్థితి కదా అత్తా" అంది. కాదు. 2000లో లండన్‌లో ప్రపంచ టైటిల్ మ్యాచ్‌లో వ్లాదిమిర్ క్రామ్నిక్ ఈ డిఫెన్స్‌ని గ్యారీ కాస్పరోవ్ ముందు నాలుగు ఆటల్లో పెట్టాడు, నాలుగూ డ్రా. ఆ మ్యాచ్ మొత్తంలో కాస్పరోవ్ ఒక్క ఆట కూడా గెలవలేకపోయాడు. బెర్లిన్ గోడ అనే పేరు దీనికి అప్పుడే స్థిరపడింది.

ఈ స్థితిలో ముందు నేర్చుకోవాల్సింది ఒక లెక్క. బోర్డు మీద పావులన్నీ తీసేసి రాజుల్నీ బంట్లనీ మాత్రం ఉంచండి. రాజు పక్క (ఈ నుంచి హెచ్ వరసలు) తెలుపుకి నాలుగు బంట్లు, నలుపుకి మూడు. మంత్రి పక్క (ఎ నుంచి డి వరసలు) నలుపుకి నాలుగు, తెలుపుకి మూడు. కానీ నలుపు నాలుగింటిలో రెండు సి వరసలో ఒకదాని వెనక ఒకటి ఇరుక్కున్నాయి కాబట్టి అటువైపు ముందుకు దాటిపోయే బంటుని పుట్టించడం కష్టం. తెలుపుకి ఆ ఇబ్బంది లేదు. అంటే అన్నీ మారిపోయి ఉత్త బంట్లు మిగిలితే మామూలుగా తెలుపుదే గెలుపు. అందుకే బెర్లిన్‌లో డ్రా కోసం కనిపించిన ప్రతి పావునీ మార్చుకుంటూ పోవడం తప్పు దారి.

దీనికి బదులుగా నలుపుకి రెండు శకట్లూ ఉన్నాయి. తెలుపుకి నల్లగడుల మీద తిరిగే శకటు ఒక్కటే. మనం తెల్లగడుల శకటుని దాచుకుని, రెండో దాన్ని ఏదో ఒక గుర్రానికి ఇచ్చేస్తే, ఇద్దరికీ వేరువేరు రంగుల శకట్లు మిగులుతాయి. అప్పుడు ఒక బంటు తక్కువైనా, ఒక్కోసారి రెండు తక్కువైనా ఆట నిలుస్తుంది. ఎందుకంటే అతని శకటు మన గడిని ముట్టుకోలేదు. ముందుకొచ్చిన తెల్ల బంటు ఈ5లో, అంటే నల్లగడిలో ఉంది. దాని ఎదురుగా ఉన్న ఈ6 తెల్లగడి. అక్కడ మన శకటు కూర్చుంటే దాన్ని లేపడానికి అతనికి గుర్రమో ఏనుగో కావాలి.

నా నోట్‌బుక్‌లో ఏ మార్పిడికైనా ముందు ఇదే రాస్తాను: ఇది జరిగాక ఏం మిగులుతుంది? శకట్ల రంగు ఏమిటి?

పద్నాలుగు ఎత్తుల డ్రా గురించి

దారిలో తెలుపు ఆరో ఎత్తులో మరో తోవ పట్టొచ్చు. సి6ని తినకుండా 6. డి బంటుతో ఈ5ని తింటే, మనం 6... గుర్రంతో బి5 శకటుని తింటాం. 7. ఎ4 మన గుర్రం మీదికి వస్తుంది. ఇక్కడ పావు ఎక్కువుంది కదా అని దాచుకోవద్దు, వెనక్కి ఇచ్చేయండి: 7... బి5 గుర్రం డి4 8. గుర్రం డి4ని తింటుంది, రెండో గుర్రం తిరిగి తింటుంది 9. మంత్రి దాన్ని తింటుంది, డి5 10. ఈ5 బంటు పక్క నుంచి దాటుతూ డి6కి వచ్చి మన డి బంటుని తింటుంది (ఆన్ పాసాంత్ అనే ఎత్తు), మంత్రి డి6లో దాన్ని తింటుంది 11. మంత్రి ఈ4 చెక్, మంత్రి ఈ6 12. మంత్రి డి4, మంత్రి డి6 13. మంత్రి ఈ4 చెక్, మంత్రి ఈ6 14. మంత్రి డి4, మంత్రి డి6. అదే స్థితి మూడోసారి, డ్రా.

పెద్ద పోటీల్లో గ్రాండ్‌మాస్టర్లు కూడా ఈ దారిలో అర పాయింటు పంచుకుని లేచిపోతుంటారు. దీన్ని కంఠతా పట్టి ఉంచుకోండి, ఎదురైతే తడబడకుండా ఉండటానికి. నా వరకు, ఇలా ముగిసిన ఆట నోట్‌బుక్‌లో సగం పేజీ కూడా నింపదు. అవతలి వాళ్లు మామూలు దారిలో వస్తేనే నాకు సంతోషం.

ఆ ఆట

నా ప్రత్యర్థి బ్రెజిల్‌లో స్కూల్ టీచర్. మామూలు దారిలోనే వచ్చారు. తొమ్మిదో ఎత్తు నుంచి:

9. గుర్రం సి3, రాజు ఈ8 10. హెచ్3, హెచ్5 11. శకటు ఎఫ్4, శకటు ఈ7 12. ఎ1 ఏనుగు డి1, శకటు ఈ6 13. గుర్రం జి5, ఏనుగు హెచ్6 14. జి3, శకటు జి5లో గుర్రాన్ని తింటుంది 15. శకటు తిరిగి తింటుంది, ఏనుగు జి6.

ఇవి నేను కనిపెట్టినవి కావు, పెద్దవాళ్లు నడిచిన బాటే. కానీ ఒక్కో ఎత్తు ఎందుకో నాకు నేను రాసుకున్నాకే పంపాను. 10... హెచ్5 లేకపోతే జి4 వచ్చి ఎఫ్5లో మన గుర్రాన్ని తరిమేస్తుంది. 13... ఏనుగు హెచ్6 చూడటానికి వింతగా ఉంటుంది, కానీ రాజు మధ్యలో ఉన్నప్పుడు మూల ఏనుగు బయటికి రావడానికి ఉన్న వాకిలి అదే. పైగా ఈ6 శకటుకి కాపలా. ఇక 14వ ఎత్తులో నల్లగడుల శకటుని గుర్రానికి ఇచ్చేశాను. ఇప్పుడు అతనిది నల్లగడుల శకటు, నాది తెల్లగడులది. మొదటి రోజు నోట్‌బుక్‌లో రాసుకున్నది బోర్డు మీదికి వచ్చింది.

16. హెచ్4, ఎఫ్6 17. ఈ5 బంటు ఎఫ్6ని తింటుంది, జి బంటు తిరిగి తింటుంది 18. శకటు ఎఫ్4.

ఈ 18వ ఎత్తు నా చేతికి అందింది 2014 అక్టోబర్ 10న. రెండు రోజులకి, అక్టోబర్ 12న, హుద్‌హుద్ తుఫాను విశాఖ మీదే తీరం దాటింది. మా వీధిలో చెట్లన్నీ పడిపోయాయి. కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు, నెట్ మాట ఎత్తక్కర్లేదు. షాపులో ఫ్రిజ్ ఆగిపోతే ఇన్సులిన్ పాడైపోతుందని చేపల రేవు వైపు నుంచి ఐస్ తెప్పించి థర్మకోల్ పెట్టెల్లో పెట్టాం. పగలంతా అదే పరుగు. రాత్రి కొవ్వొత్తి వెలుగులో సొరుగులోంచి బోర్డు తీసేదాన్ని. అక్కడ ఆట గడియారం నడుస్తూనే ఉందని తెలుసు.

అందుకే టైమ్ గురించి ఇక్కడే చెప్పాలి. ఆ పోటీలో పది ఎత్తులకి 50 రోజులు. మిగిలిన రోజులు తర్వాతి పదికి కలుస్తాయి. కానీ ఒకే ఎత్తు మీద 20 రోజులు దాటితే ఆపైన ప్రతి రోజూ రెండు రోజులుగా లెక్క. ఓపెనింగ్‌లో ఎలాగూ తెలిసిన ఎత్తులే కాబట్టి నేను వాటిని రోజుకొకటి చొప్పున పంపి రోజులు మిగుల్చుకున్నాను. తుఫాను వచ్చేనాటికి నా ఖాతాలో నెల పైనే ఉంది. మీరూ అలాగే చేయండి. మొదటి పది ఎత్తులకి పది రోజులు చాలు. రోజుల్ని పదిహేను నుంచి పాతిక మధ్య ఎత్తుల కోసం దాచండి, ఆట తేలేది అక్కడే. ప్రయాణమో పెళ్లో ఉంటే ముందే సెలవు పెట్టుకోవచ్చు, సర్వర్‌లో ఆ వీలుంటుంది. తుఫానుకి మాత్రం సెలవు పెట్టే వ్యవధి దొరకదు.

కొవ్వొత్తి ముందు తొమ్మిది రాత్రులు నేను చూసిన గడి ఒక్కటే, హెచ్4. అక్కడ తెల్ల బంటు ఉంది, దానికి జి3 బంటు కాపలా. నా ఎఫ్5 గుర్రం దాన్ని తింటే జి3 బంటు గుర్రాన్ని తినాలి కదా? తినలేదు. జి6లో నా ఏనుగు ఉంది, 17వ ఎత్తులో జి వరస తెరుచుకుంది, జి3 బంటు వెనక జి1లో అతని రాజు. బంటు పక్కకి కదిలితే రాజుకి చెక్. కట్టేసిన మేక లాంటి కాపలా అది. అయితే అతను ఎఫ్4 నుంచి నా సి7 బంటు మీద కన్నేశాడు. దాన్ని వెంటనే తింటే? నా గుర్రం ఎఫ్3లోకి దిగి చెక్ ఇస్తుంది. ప్రతి కొమ్మనీ వేలితో జరిపి చూసి, వెనక్కి పెట్టి, నోట్‌బుక్‌లో రాశాను. ఇంజిన్ లేని ఆ తొమ్మిది రాత్రుల్లో ఈ స్థితి నాకు అర్థమైనంతగా వేరే ఏదీ అర్థం కాలేదు.

పదో రోజు నెట్ రాగానే పంపాను: 6584. గుర్రం ఎఫ్5 నుంచి హెచ్4కి.

19. ఎఫ్3, ఏనుగు డి8 20. రాజు ఎఫ్2, ఏనుగు డి1ని తింటుంది 21. గుర్రం తిరిగి తింటుంది, గుర్రం ఎఫ్5 22. ఏనుగు హెచ్1, శకటు ఎ2 బంటుని తింటుంది 23. ఏనుగు హెచ్5 బంటుని తింటుంది, శకటు ఈ6.

శకటు మళ్లీ ఈ6కి వచ్చి కూర్చుంది, ఎఫ్5 గుర్రానికి కాపలాగా. 24వ ఎత్తులో ఆయన శకటు సి7 బంటుని తీసుకుంది. లెక్కపెట్టండి: తెలుపుకి నాలుగు బంట్లు, నలుపుకి నాలుగు. సి వరసలో నా జంట బంట్ల బాధ కూడా దాంతో తీరింది.

ఆ నవంబర్‌లోనే ఇంకో సంగతి జరిగింది. సోచిలో ప్రపంచ టైటిల్ మ్యాచ్, 11వ ఆట, విశ్వనాథన్ ఆనంద్ నల్లపావులతో మాగ్నస్ కార్ల్‌సన్ మీద ఇదే బెర్లిన్ ఆడారు. చాలాసేపు బాగా ఆడారు. తర్వాత బి4 గడిలో ఏనుగుని శకటుకి ఇచ్చేశారు, ఆట పోయింది, దాంతో మ్యాచే ముగిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా బోర్డు మీద ఉన్నదీ ఆ కుటుంబానికి చెందిన స్థితే. గోడ అని పేరున్నంత మాత్రాన అదే నిలబడదు. మర్నాడు ఇంజిన్ సున్నా చూపిస్తున్నా నా తర్వాతి మూడు ఎత్తుల్నీ మళ్లీ మొదటి నుంచి చూసుకున్నాను.

డ్రా ఎప్పుడు అడగాలి

గుర్రాలు మారాయి, తర్వాత ఏనుగులు మారాయి. ఏనుగులు మార్చుకునే ముందు నోట్‌బుక్ తెరిచి పాత ప్రశ్నే వేసుకున్నాను: ఏం మిగులుతుంది? వేరువేరు రంగుల శకట్లు, మూడేసి బంట్లు. సరే అనుకుని మార్చాను. శకట్లు కూడా ఒకే రంగువైతే ఆ మార్పిడికి ఒప్పుకునేదాన్ని కాదు.

డ్రా ప్రతిపాదన ఎత్తుతో పాటే పంపాలి. స్థితి తేలకముందు పంపితే మనకి భయమేస్తోందని అవతలివాళ్లకి తెలిసిపోతుంది. ఒకసారి కాదన్నాక ప్రతి ఎత్తుకీ అడగడం మర్యాద కాదు, స్థితి మారాకే మళ్లీ అడగాలి. మనకంటే గట్టివాళ్లయితే వాళ్లనే అడగనివ్వడం మేలని నా అభిప్రాయం. అదే స్థితి మూడుసార్లు వస్తే ప్రతిపాదన అక్కర్లేదు, క్లెయిమ్ చేయొచ్చు. అందుకే ఆఖర్లో ప్రతి స్థితినీ తేదీతో రాసి ఉంచండి. బోర్డు మీద రాజులతో కలిపి ఏడు పావులో అంతకన్నా తక్కువో మిగిలితే టేబుల్‌బేస్ ఉంది. ఆ స్థితులన్నింటినీ కంప్యూటర్లు చివరిదాకా తేల్చేశాయి, ఐసీసీఎఫ్‌లో దాన్ని చూపించి ఫలితం క్లెయిమ్ చేయొచ్చు. మా ఆటలో పది మిగిలాయి కాబట్టి అది పనికిరాలేదు.

నేను అడగలేదు. శకటుని ఈ6కీ ఎఫ్5కీ మధ్య తిప్పుతూ, బంట్లని తెల్లగడుల మీదే ఉంచాను, అతని శకటు వాటిని ముట్టుకోకుండా. నాలుగు ఎత్తులు అలా నడిచాక ఎత్తుతో పాటు డ్రా ప్రతిపాదన వచ్చింది. ఒక రాత్రి ఆగి, పొద్దున్న షాపు తెరిచే ముందు ఒప్పుకున్నాను.

ఆట అయ్యాక రెండు లైన్లయినా ఉత్తరం రాయండి. ఎక్కడ టెన్షన్ పడ్డారో అడగండి. పుస్తకంలో దొరకనిది అందులో దొరుకుతుంది. ఆయన రాసిందేమిటంటే, 14వ ఎత్తులో జి3 బదులు ఎఫ్1 ఏనుగుని ఈ1కి ఆడాల్సిందని, తర్వాతి ఆటలో అదే ఆడతానని. నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీసి పైన ఆ ఎత్తు అంకెలతో రాసుకున్నాను: 6151. కింద పేజీ ఖాళీ. దానికి జవాబు వెతుకుతూ ఆ మధ్యాహ్నం సొరుగు లాగాను.